దారి పొడవునా మణెమ్మ గీసిన అక్షరం

అనగనగా అమ్మలూ, వానలు వెనక్కి తగ్గి, తంగేడు విరగబూసి, నేలంతా పసుపు రాసుకున్నట్టుండే వేళ, గుట్టపల్లి అని ఒక చిన్న ఊళ్ళో జరిగిన కథ ఇది. ఊరి వెనకాల ఒక గుట్ట. ఆ గుట్టకీ ఓ పేరుంది. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. పోనీలే, గుట్ట అనే అనుకుందాం. దాని నిండా సీతాఫలం చెట్లు.

ఆ ఊళ్ళో మణెమ్మ అనే ఆమె ఉండేది. ఆమె పెనిమిటి ఆశన్న. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు నీలి. నీలికి అప్పుడు నీ వయసే. అల్లరి మాత్రం నీకన్నా ఓ పిసరు ఎక్కువ.

మణెమ్మకి చదువు రాదు. ఆశన్నకీ రాదు. బడి ఉందంటే ఉంది, వాగు అవతల. కాళ్ళు కాస్త పొడుగైతేగాని పిల్లలు ఆ వాగు దాటలేరు. అందుకని ఆ ఊరి పిల్లలు వాగు దాటేంత ఎదిగాకే పలక పట్టేవాళ్ళు.

ఆశన్నకి ఒక అక్క ఉంది, చెన్నమ్మ. అంగడి జరిగే పెద్ద ఊళ్ళో కాపురం. ఆమె పెనిమిటి మిషను మీద బట్టలు కుడతాడు. వాళ్ళకి పిల్లల్లేరు. చెన్నమ్మ చిన్నప్పుడు మేనమామ ఇంట్లో ఉండి ఐదో తరగతి దాకా చదువుకుంది.

పెద్దల పక్షం మొదలవగానే చెన్నమ్మ పుట్టింటికి వచ్చింది. పెద్దలకి బియ్యం ఇచ్చారు, గారెలు తిన్నారు. ఆ తర్వాత చెన్నమ్మ అరుగు మీద కూచుని నీలిని ఒళ్ళోకి లాక్కుంది.

"మణెమ్మా, పిల్లకు ఏమన్న నేర్పుతున్నవా?"

"నాకేం వచ్చని నేర్పాలె వదినె?"

"గట్లంటె ఎట్ల? రేపు మేకలెంబడి పోతది. నాకియ్యిండ్రి. మా ఊళ్ళె చిన్నపిల్లల బడి ఉంది. నా కడుపుల పుట్టినట్టు చూసుకుంట."

ఆశన్న తల గోక్కున్నాడు. "అక్క చెప్పేది మన మంచికేనే" అన్నాడు.

మణెమ్మ నీలి వైపు చూసింది. పొద్దున లేస్తే నీలి, పడుకుంటే నీలి. ఆ పిల్ల లేకుండా ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోలేకపోయింది. అప్పుడు ఏం అంటోందో తనకే తెలియకుండా నోరు విప్పింది.

"దీపావళి దాక ఉండనియ్యి వదినె. నేను నేర్పుత."

"ఏం నేర్పుతవ్?"

"అ నేర్పుత."

చెన్నమ్మ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. "మంచిది. దీపావళికి వస్త. పిల్ల 'అ' రాసిందా, ఇంకో ఏడాది నీ దగ్గర్నే ఉండనియ్యి. రాయలేదనుకో, నాతోని తోలియ్యాలె. మాట ఇస్తున్నవా?"

మణెమ్మ మాట ఇచ్చేసింది. ఇచ్చేదాకా ఆమెకి తట్టలేదు, 'అ' ఎలా ఉంటుందో తనకి తెలియదని.

ఊరి ఆ చివర సుగుణ అని ఒక పిల్ల ఉండేది. వాగు అవతల బడికి పోయేది. మణెమ్మ అంగట్లో ఒక పలక కొని, కొంగు కింద దాచుకుని, సుగుణ దగ్గరికి పోయింది. సుగుణ పలక మీద ఇంత 'అ' రాసి ఇచ్చింది. తిరిగి వస్తుంటే బాయికాడ నీళ్ళు చేదుకునే ఆడవాళ్ళు పలక చూడనే చూశారు.

"ఏమే మణెమ్మా, బడికి పోతున్నవా? జడలేసుకోకపోతివి!"

అందరూ పకపకా నవ్వారు. మణెమ్మ గబగబా ఇంటికొచ్చి పలక నీలి ముందు పెట్టి, నీళ్ళకి పోయింది. ఆమె వచ్చేసరికి నీలి పలక మీద ఉమ్మేసి, శుభ్రంగా తుడిచి, కోడిపెట్టని గీసి పెట్టింది.

మర్నాడు మళ్ళీ పోయింది. ఈసారి పలక పట్టుకుపోవడానికి సిగ్గేసింది. సుగుణ అరుగు మీద సుద్దముక్కతో రాస్తే, కళ్ళార్పకుండా చూసి, కళ్ళల్లో పెట్టుకుని బయలుదేరింది. ఎవరితోనూ మాట్లాడకుండా, అటూ ఇటూ చూడకుండా నడుస్తోంది. దారిలో ఎవరిదో మేక వచ్చి ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది. "హేయ్, హేయ్" అని అదిలించింది. మేక పోయింది. మేకతో పాటు అక్షరమూ పోయింది. చుట్ట ఎటువైపు తిరిగింది? తోక పైకా, కిందికా? ఎంత తలుచుకున్నా మేకే కనిపిస్తోంది.

మరిచిపోవడం ఎట్లా ఉంటుందో తెలుసా అమ్మలూ? చేతిలో పట్టుకున్న నీళ్ళలాగ. గట్టిగా పిడికిలి బిగించేకొద్దీ జారిపోతాయి. మణెమ్మ దారి మధ్యలో నిలబడి ఏడవబోయి, ఏడవకుండా వెనక్కి తిరిగింది.

మూడోసారి ఒక ఉపాయం చేసింది. ఒక పుల్ల తీసుకుంది. సుగుణ ఇంటి ముందు దుమ్ములో ఒక 'అ' గీసింది. కొంచెం దూరం నడిచి, మరిచిపోకముందే ఇంకోటి గీసింది. చింతచెట్టు కింద ఒకటి, బాయికాడ ఒకటి, ఎవరేమన్నా అననీ అని పెద్దమనుషులు కూచునే చోట ఒకటి. అలా దారి పొడవునా గీసుకుంటూ వచ్చి, చివరిది తన వాకిట్లో గీసింది. ఆ సాయంత్రం ఇళ్ళకి వచ్చే గొర్లూ బర్లూ ఆ అక్షరాలన్నిటినీ తొక్కుకుంటూ వచ్చాయి. పోతే పోయాయి. అక్షరం మాత్రం ఇల్లు చేరింది.

చేరింది గాని, నీలి పట్టుకోవాలిగా?

మొదటి రోజు వేలు పట్టి దిద్దిస్తే, వేలు గుంజుకుంది. రెండోరోజు ఒక గారె ఆశపెట్టి కూచోబెడితే, గారె తిని పారిపోయింది. మూడోరోజు మణెమ్మ విసిగిపోయి రెక్క పట్టుకుని కూచోబెట్టి గట్టిగా కసిరింది. ఆ రోజు నీలి ఏడ్చి ఏడ్చి అన్నం తినకుండానే పడుకుంది. పలక ఏమైందని వెతికితే, కోళ్ళ గంప కింద దొరికింది.

మణెమ్మ పలక కడిగి గూట్లో పెట్టింది. ఒక్క అక్షరం. ఒక్కటంటే ఒక్కటి. అదే రాకపోతే నా పిల్ల నాకు దక్కదు కదా అని కూచుని ఆలోచించింది.

ఆ తర్వాత సీతాఫలం కాయలు తెంపే రోజులొచ్చాయి. ఇంట్లో పిల్లని చూసేవాళ్ళు లేరు. మణెమ్మ ఒక చేత్తో గంప, ఒక చేత్తో నీలిని పట్టుకుని గుట్ట ఎక్కింది. ఆడవాళ్ళందరూ కాయలు తెంపుతున్నారు. నీలి ఒక కొమ్మ వంచి, ఆకుపచ్చగా నిగనిగలాడే కాయని తెంపబోయింది.

"వద్దు బిడ్డా. అది కన్ను విప్పలె."

"కాయకు కన్ను ఉంటదా?"

మణెమ్మ రెండు కాయలు పక్కపక్కన చూపించింది. ఒకదాని బుడిపెలు ఒకదాన్నొకటి గట్టిగా అంటుకుని ఉన్నాయి. ఇంకోదాని బుడిపెలు విడి, మధ్యలో తెల్లటి గీతలు కనిపిస్తున్నాయి. "గిట్ల విడితె కన్ను విప్పినట్టు. గప్పుడే తెంపాలె" అంది.

నీలి వింటేనా! "నాకు గిదే గావాలె" అని ఆ పచ్చికాయనే తెంపి ఒళ్ళో దాచుకుంది. మణెమ్మ నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చాక కన్ను విప్పిన కాయలనీ, నీలి కాయనీ ఒకే గంపలో ఎండుగడ్డి మధ్య పెట్టింది.

రోజూ పొద్దున లేవగానే నీలి గడ్డి తీసి చూసేది. వేలితో నొక్కేది. వాసన చూసేది. "ఇది మెత్తగైంది. ఇది ఇంక గట్టిగుంది. దీనికి తీపి వాసనొస్తుంది" అని ఒక్కోదాని సంగతీ చెప్పేది. కన్ను విప్పిన కాయలు ఒకదాని తర్వాత ఒకటి మెత్తబడ్డాయి. తల్లీ కూతుళ్ళు వాకిట్లో కూచుని తిన్నారు. నల్లటి గింజల్ని నీలి వరసలు పేర్చింది. పెద్ద వరస అమ్మది, చిన్న వరస తనది. "గింజ కొరకొద్దు, గొంతు మండుతది" అని మణెమ్మ చెప్తూ ఉంటే, "నేనేమన్న పిల్లనా?" అంది నీలి.

నీలి కాయ మాత్రం పండలేదు. గడ్డి మార్చారు, పండలేదు. బియ్యం కుండలో పెట్టారు, పండలేదు. చివరికి తొక్క నల్లబడి, రాయిలా బిగుసుకుపోయింది.

"ఇది ఎందుకు పండలేదమ్మా?"

"కన్ను విప్పకముందే తెంపినం బిడ్డా."

"మరి ఇప్పుడు చెట్టుకు అంటియ్యి."

"అంటదు బిడ్డా."

నీలి ఆ కాయని మట్టిలో పెట్టి ఆడుకోవడానికి పోయింది. మణెమ్మ మాత్రం లేవలేదు. కన్ను విప్పకముందే తెంపినం అని తను అన్న మాటే తన చెవుల్లో తిరుగుతోంది. గూట్లో పలక వైపు చూసింది. బువ్వ తినకుండా పడుకున్న పిల్ల మొహం కళ్ళముందు నిలిచింది.

అప్పుడు ఆశన్న వచ్చాడు. "ఏమే, పిల్లకు అక్షరం వచ్చిందా?"

"రాలె. ఇగ దిద్దియ్య."

"మరి అక్కకు ఏం చెప్తవ్?"

"తెల్వదు" అంది మణెమ్మ. నిజంగానే ఆమెకి తెలియదు.

ఆ రోజు నుంచి మణెమ్మ పలక తియ్యలేదు. కాని ఎక్కడికి పోయినా పిల్లని వెంటబెట్టుకుపోయింది. ఉన్న రోజులన్నా నా పక్కన ఉండనీ అనుకుంది.

బతుకమ్మ పేర్చే రోజులవి. ఇద్దరూ చేలగట్ల వెంట తిరిగి తంగేడు తెచ్చారు, గునుగు తెచ్చారు. గునుగు చూశావా నువ్వు? వెండి కుచ్చులా ఉంటుంది, పట్టుకుంటే చక్కిలిగింత పెడుతుంది. మణెమ్మ కాడలు సమానంగా కోస్తుంటే, నీలి పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు వేసింది. పెద్ద పళ్ళెంలో అమ్మ పెద్ద బతుకమ్మ పేరుస్తుంటే, చిన్న పళ్ళెంలో తను చిన్నది పేర్చింది. ఒక వరస పసుపు, ఒక వరస తెలుపు. "తెలుపు అయింది, ఇగ పసుపు. పసుపు అయింది, ఇగ..." అని తనలో తనే పాడుకుంది. పేర్చి పేర్చి చెయ్యి తియ్యగానే అదంతా కుప్పకూలింది.

నీలి మూతి ముడిచింది. మణెమ్మ ఏమీ అనకుండా, కోసిపారేసిన కాడలూ ఆకులూ పిడికెడు తీసి తన బతుకమ్మ నడుమ కూరింది. నీలి చూసింది. తనూ పిడికెడు తీసి కూరింది. ఆ సాయంత్రం నీలి చిన్న బతుకమ్మ వంకరగానే, అయినా నిలబడే, వాడకట్టు ఆడవాళ్ళు పేర్చిన బతుకమ్మల మధ్య కూచుంది.

ఆ తర్వాత సజ్జచేను కంకి పట్టింది. తెల్లవారగానే మంచె ఎక్కి, డబ్బా కొట్టి పిట్టల్ని తోలాలి. గడ్డి మీద మంచు. నీలి చెప్పుల్లేని కాళ్ళతో ఆ మంచు తొక్కి, వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకుని మురిసిపోయేది. మంచె మీద కూచుని కళ్ళు మూసుకుని, ఏ కూత ఏ పిట్టదో చెప్పేది. "గది పిచ్చుక. గది చిలుక. అమ్మా, చిలుకలొచ్చినయ్, డబ్బా కొట్టు!" మణెమ్మ లేచి చూస్తే, చేను ఆ చివర నిజంగానే చిలుకలు వాలి ఉండేవి.

ఇంత తెలిసిన పిల్లకి ఏమీ రాదని ఎట్లా అంటారు? అనుకునేది మణెమ్మ. మళ్ళీ తనే అనుకునేది, వదినె అడిగేది పిట్టల గురించి కాదు కదా. సజ్జ కంకులు కోతకొస్తున్నకొద్దీ ఆమె రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. దీపావళి దగ్గరికొస్తోంది మరి.

దీపావళి రానే వచ్చింది. చెన్నమ్మా వచ్చింది. నీలికి ఎర్రపూల గౌను తెచ్చింది. పెనిమిటి చేత కుట్టించింది, చేతులకి కుచ్చులు కూడా పెట్టించింది. బట్టలు పెట్టుకోవడానికని ఒక కొత్త సంచీ కూడా తెచ్చింది. ఆ సంచీని చూడగానే మణెమ్మ మొహం మాడిపోయింది.

తలంట్లు అయ్యాయి. భోజనాలయ్యాయి. అప్పుడు చెన్నమ్మ గూట్లోంచి పలక తీసి నీలి ముందు పెట్టింది.

"ఏదీ బిడ్డా, 'అ' రాయి."

నీలి బలపం తీసుకుంది. నీలి ఆలోచించి ఆలోచించి ఒక సజ్జ కంకి గీసింది. దాని మీద ఒక చిలుకని కూచోబెట్టింది.

"అత్తమ్మా, ఇగ డబ్బా కొట్టు, లేకుంటె తినిపోతది" అంది.

చెన్నమ్మ నవ్వింది. నవ్వి, నిట్టూర్చింది. "చూసినవా తమ్ముడా. తెలివిగల్ల పిల్ల. తెలివి మట్టిపాలు కావొద్దు. మణెమ్మా, బట్టలు సదురు."

ఆశన్న తలొంచుకున్నాడు. మణెమ్మ లోపలికి పోయింది. నీలిది చిన్న లంగా ఒకటి తీసింది. మడతపెట్టబోయింది. చేతులు రాలేదు. ఆ లంగాని దండెం మీదికి విసిరేసి, బయటికి వచ్చి, వాకిలి నడుమ నిలబడింది.

"పిల్ల రాదు వదినె."

మణెమ్మ ఆడబిడ్డకి ఎదురు చెప్పడం ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆశన్న అయితే నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"మాట ఇచ్చినవ్ గదా?" అంది చెన్నమ్మ.

"ఇచ్చిన. తప్పుతున్న. నువ్వు నన్ను ఏమన్న అను, పడత. దానికి ఇంక పొద్దు రాలేదు. ఏడిపిచ్చి నేర్పబోతె అన్నం మానేసింది. నీ దగ్గరైనా గంతే అయితది."

"మరి నీ దగ్గరుంటె ఎవరు నేర్పుతరు? నీకు వచ్చునా?"

మణెమ్మ కింద కూచుంది. పలక మీద చిలుక చెదరకుండా ఓ మూల చూసుకుని, బలపం పట్టుకుంది. పుల్లతో దుమ్ములో గీసినట్టే గీసింది. చుట్ట తిప్పింది, తోక కలిపింది. వంకరగా, పెద్దగా, ఒక 'అ' వచ్చింది.

"నాకు గిదొక్కటే వచ్చు" అంది తల ఎత్తకుండా. "మిగిలినయి నాకు నేర్పు వదినె. అది అడిగిననాడు నేను చెప్పుకుంట."

చెన్నమ్మ ఆ అక్షరం వంక చూసింది. ఆ తర్వాత కొత్త సంచీని దగ్గరికి లాక్కుని, దాని పట్టీ సాగదీస్తూ, మెల్లగా అంది.

"నేర్పుడు ఒక్కటే కాదు మణెమ్మా. పొద్దుందాక మా ఇంట్ల మిషను చప్పుడే. ఆయన కుడ్తనే ఉంటడు, నేను గుండీలు పెడ్తనే ఉంట. ఒక పిల్ల గొంతు వినబడితె బాగుండనిపిస్తది. గందుకే గావచ్చు నేను గింత తొందరపడ్డది."

మణెమ్మకి ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదు. వదినె అంటే పెద్ద ఊరు, సంచీ, ఐదో తరగతి అనుకుందిగాని, ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా గడుస్తాయో ఎప్పుడూ అడగలేదు. పక్కకి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయితె కార్తీకమంత ఈడనే ఉండు వదినె."

"బాగనే ఉంది! మీ అన్నకు అన్నం ఎవరొండుతరు?"

అప్పుడు ఆశన్నకి నోరు వచ్చింది. "సూదిల దారం ఎక్కియ్యొస్తది గని, పొయ్యిల కట్టె పెట్టరాదా బావకు?"

అందరూ నవ్వారు. నీలికి ఏమీ అర్థం కాకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వింది.

చెన్నమ్మ కొన్ని రోజులు ఉంది. ఆ తర్వాత వారం వారం, అంగడికొచ్చిన గుట్టపల్లి బండెక్కి వచ్చి పోయేది. వచ్చినప్పుడల్లా మణెమ్మకి కొత్త అక్షరాలు చెప్పేది. నీలి మేనత్త మెడ పట్టుకుని వేలాడుతూ, పిట్టల కూతలు కూసి వినిపించేది. చెన్నమ్మ అవి నేర్చుకోబోతే ఒక్కటీ సరిగ్గా వచ్చేది కాదు. "గట్ల కాదు అత్తమ్మా, మళ్ళ కుయ్యి" అని నీలి దబాయించేది.

మణెమ్మకి చదువు తేలిగ్గా ఎక్కలేదు. పొద్దున నేర్చింది మధ్యాహ్నానికి మరిచిపోయేది. కలుపు తీస్తూ మట్టిలో గీసేది, రొట్టె చేస్తూ పిండిలో గీసేది. మరిచిపోయినప్పుడు మొదట్లో కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పోనుపోను అదీ మానేసింది. పోయిన అక్షరం కోసం మళ్ళీ మొదటినుంచి నడుచుకుంటూ వచ్చేది, అంతే.

నీలిని మాత్రం రమ్మనలేదు. కూచోమనలేదు. నీలి తన ఆటల్లో తను ఉంది.

చలి ముదిరింది. ఒకనాటి సాయంత్రం మణెమ్మ పొయ్యి దగ్గర కూచుని పలక మీద ఏదో రాస్తోంది. తప్పు పోతోంది, తుడుస్తోంది, మళ్ళీ రాస్తోంది. నీలి వచ్చి పక్కన గొంతుక్కూచుంది. కాసేపు అక్షరం వంక చూసింది. కాసేపు అమ్మ వేళ్ళ వంక చూసింది. ఆ తర్వాత మోచేత్తో అమ్మని నెట్టింది.

"అమ్మా, గిటు జరుగు. నేను రాస్త."

మణెమ్మ పిల్ల వేలు పట్టుకోలేదు. దిద్దించలేదు. బలపం చేతికిచ్చి, కొంచెం పక్కకి జరిగి, చోటిచ్చింది.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
కునుకేమో నీ కంటికి,
మిగిలిందంతా రేపటికి.